డాక్టరు చదువునకు దరఖాస్తు: గ్రామపెద్దలు తెలిసికొనదగిన విషయములు

పంచాయతీ సభ్యుల యొద్దకు గ్రామస్థులు అనేకములైన కాగితముల కొరకు వచ్చుచుందురు. పింఛను దరఖాస్తు, ఇంటిపన్ను రసీదు, జనన ధ్రువపత్రము మున్నగువానితోపాటు, పిల్లల చదువు పెరిగిన కొలది మరియొక ప్రశ్నయు వినవచ్చుచున్నది. “మా అమ్మాయికి నీటులో ర్యాంకు వచ్చిందండీ. ఇంక డాక్టరు సీటు వచ్చినట్లేనా?” అని తల్లిదండ్రులు అడుగుదురు. వచ్చినట్లు కాదు. పరీక్ష వ్రాయుట యొకటి, సీటు కొరకు దరఖాస్తు చేయుట వేరొకటి. ఈ భేదము తెలియక గడువు దాటనిచ్చిన కుటుంబమునకు ఆ సంవత్సరము తిరిగి రాదు. కావుననే ఈ విషయమును మొదటినుండి చివరవరకు సులభముగా వివరింపదలచితిమి.

తెలుగుదేశమున వైద్యవిద్యకు పాతచరిత్ర కలదు. హైదరాబాదులో 1846లో నెలకొల్పబడిన వైద్యపాఠశాలయే నేటి ఉస్మానియా వైద్యకళాశాలకు మూలము. విశాఖపట్టణమున 1923లో వైద్యకళాశాల వెలసినది. అనంతర కాలమున కళాశాలల సంఖ్య బాగుగా పెరిగినది. సీట్లు పెరిగినవి, వానిని కోరువారు అంతకంటె ఎక్కువగా పెరిగిరి.

పరీక్ష ఎట్టిది?

పూర్వము మన రాష్ట్రములలో ఎంసెట్ పరీక్షలోని ర్యాంకునుబట్టి వైద్యకళాశాలలలో ప్రవేశము లభించుచుండెను. 2017 నుండి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెంటియందును దేశమంతటికి ఒక్కటిగా జరుగు నీట్ పరీక్షయే ఆధారమైనది. 2019 నుండి దీనిని నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ అను సంస్థ నిర్వహించుచున్నది.

ఇంటర్మీడియట్‌లో భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము, జీవశాస్త్రము, ఇంగ్లీషు చదివినవారు దీనికి అర్హులు. ప్రవేశము పొందు సంవత్సరము డిసెంబరు 31వ తేదీనాటికి 17 ఏండ్లు నిండియుండవలెను. పై మూడు శాస్త్రములలోను కలిపి సాధారణ వర్గమువారికి 50 శాతము, షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులవారికి 40 శాతము మార్కులు ఇంటర్మీడియట్‌లో రావలెను.

2025లో జరిగిన పరీక్షలో 180 ప్రశ్నలు, 720 మార్కులు, 180 నిమిషముల కాలము ఏర్పరచిరి. ఇందులో సగము, అనగా 90 ప్రశ్నలు, జీవశాస్త్రమునకు చెందినవి. సరియైన ప్రతి సమాధానమునకు 4 మార్కులు కలుపుదురు. తప్పు సమాధానమునకు 1 మార్కు తీసివేయుదురు. కావున తెలియని ప్రశ్నకు గ్రుడ్డిగా గుర్తు పెట్టుట నష్టదాయకము.

ప్రశ్నపత్రము తెలుగులో కూడ లభించుననుట గ్రామీణ విద్యార్థులకు ముఖ్యవిషయము. అయితే ఏ భాషలో కావలెనో దరఖాస్తునందే తెలుపవలెను. తెలుగు కోరినవారికి ఇంగ్లీషు పాఠము కూడ ప్రక్కనే ఉండును. అనువాదములో సందేహము కలిగినచో ఇంగ్లీషు పాఠమే ప్రమాణము. దరఖాస్తు రుసుము 2025లో సాధారణ వర్గమువారికి 1,700 రూపాయలు, ఆర్థికముగా వెనుకబడినవారికిని ఇతర వెనుకబడిన తరగతులవారికిని 1,600 రూపాయలు, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని దివ్యాంగులకును 1,000 రూపాయలుగా నుండెను.

అర్హత వేరు, సీటు వేరు

ఫలితములతో వచ్చు పత్రములో “అర్హులు” అను మాటను చూచి అనేకులు పొరబడుదురు. సాధారణ వర్గమువారు 50వ పర్సెంటైల్, రిజర్వేషను వర్గములవారు 40వ పర్సెంటైల్ పొందినచో అర్హులగుదురు. పర్సెంటైల్ అనగా మార్కుల శాతము కాదు. పరీక్ష వ్రాసిన నూరుమందిని వరుసగా నిలిపినప్పుడు, మన విద్యార్థి ఎంతమందికంటె ముందున్నాడో తెలుపు సంఖ్య అది. సగముమందిని దాటినవానికి 50వ పర్సెంటైల్ వచ్చినట్లు.

2025లో 22 లక్షలకు పైగా విద్యార్థులు పరీక్ష వ్రాయగా 12 లక్షలకు పైగా అర్హులైరి. దేశములోని ఎం.బి.బి.ఎస్. సీట్లు మాత్రము లక్షకు కొంచెము పైన మాత్రమే. అనగా అర్హులైన ప్రతి పదిమందిలో ఒకరికే సీటు. అందులోను ప్రభుత్వ రుసుముతో చదువదగిన సీట్లు మరింత తక్కువ. కావున “అర్హులు” అనిన మాట పోటీలో నిలుచుటకు అనుమతి మాత్రమే. ఈ సంగతి ముందుగా తెలిసిన కుటుంబము నిరాశకును లోనుకాదు, మోసమునకును లోనుకాదు.

రెండు ద్వారములు

ర్యాంకు వచ్చిన పిమ్మట సీటు కోరుటకు రెండు ద్వారములు కలవు. రెంటికిని వేరువేరుగా దరఖాస్తు చేయవలెను.

మొదటిది అఖిలభారత కోటా. ప్రభుత్వ వైద్యకళాశాలలలోని సీట్లలో 15 శాతము దేశమందలి విద్యార్థులందరికి తెరచియుండును. దీనిని ఢిల్లీలోని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ నడుపును. మంగళగిరి, బీబీనగరములలోని ఎయిమ్స్ సంస్థల సీట్లును ఈ కమిటీ ద్వారానే భర్తీయగును.

రెండవది రాష్ట్ర కోటా. ప్రభుత్వ కళాశాలలలో మిగిలిన 85 శాతము సీట్లును, ప్రైవేటు కళాశాలలలోని కన్వీనరు కోటా సీట్లును రాష్ట్ర ఆరోగ్యవిశ్వవిద్యాలయము భర్తీచేయును. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడయందలి డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్యవిజ్ఞాన విశ్వవిద్యాలయమును, తెలంగాణలో వరంగల్లునందలి కాళోజీ నారాయణరావు ఆరోగ్యవిజ్ఞాన విశ్వవిద్యాలయమును ఈ పనిని చేయును. మన గ్రామీణ విద్యార్థులలో ఎక్కువమందికి సీటు లభించునది ఈ రెండవ ద్వారముననే.

నీట్ ఫలితములు వెలువడిన తరువాత విశ్వవిద్యాలయము ఒక ప్రకటన చేయును. అందు తెలిపిన కొద్దిదినముల గడువులోగా విద్యార్థి తన వివరములను నమోదుచేసి, ధ్రువపత్రముల ప్రతులను కంప్యూటరు ద్వారా పంపవలెను. వానిని పరిశీలించి విశ్వవిద్యాలయము మొదట తాత్కాలిక ప్రతిభాజాబితాను, అభ్యంతరములు విన్న పిమ్మట తుదిజాబితాను ప్రకటించును. తాత్కాలిక జాబితా వచ్చిననాడే పేరు, వర్గము, స్థానికత సరిగా నున్నవో లేవో చూచుకొనవలెను. తప్పున్నచో తెలుపుటకు ఇచ్చు వ్యవధి స్వల్పము.

స్థానికత యను చిక్కు

ర్యాంకు తరువాత సీటును నిర్ణయించునది స్థానికత. 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు దీనికి మూలము. పుట్టిన ఊరు, ఓటుహక్కు, రేషనుకార్డు స్థానికతను నిర్ణయించునని గ్రామములలో తలంతురు. సాధారణముగా దానిని నిర్ణయించునది విద్యార్థి చదివిన చోటు.

ఆంధ్రప్రదేశ్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతమనియు, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతమనియు రెండు స్థానిక ప్రాంతములు కలవు. రాయలసీమయు పూర్వపు నెల్లూరు జిల్లాయు రెండవదానిలో చేరును. ఇంటర్మీడియట్‌తో ముగియునట్లు వరుసగా నాలుగు సంవత్సరములు ఏ ప్రాంతమున చదివిన ఆ ప్రాంతమునకు స్థానికులగుట మూలసూత్రము. ఇట్లు కుదరనివారికి వేరు నియమములును కలవు.

తెలంగాణలో 2024లో సవరించిన నియమముల ప్రకారము, ఇంటర్మీడియట్‌తో ముగియు నాలుగేండ్లును, అనగా 9వ తరగతినుండి, వరుసగా తెలంగాణలోనే చదివి, ఇంటర్మీడియట్ పరీక్షను అక్కడనే ఉత్తీర్ణులైనవారు స్థానికులు. ఉద్యోగరీత్యా రాష్ట్రము వెలుపల పనిచేసిన కొన్ని తరగతుల ఉద్యోగుల పిల్లలకు మినహాయింపు కలదు. ఈ నియమమును 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించినది.

దీని పర్యవసానమును సరిహద్దు గ్రామములవారు ముఖ్యముగా గుర్తింపవలెను. ఖమ్మము జిల్లాలోని యొక బాలుడు పదవ తరగతి స్వగ్రామమున ముగించి, మంచి శిక్షణ లభించునను ఆశతో ఇంటర్మీడియట్ కొరకు విజయవాడ కళాశాలలో చేరెననుకొందము. రెండేండ్ల తరువాత మంచి ర్యాంకు వచ్చినను, తన సొంత జిల్లాయందలి వైద్యకళాశాలలో స్థానికుడుగా సీటు కోరుటకు అతనికి చిక్కు ఏర్పడును. తండ్రి తాతలు అచ్చటనే సేద్యము చేయుచున్నారను మాట ఈ విషయమున అక్కరకు రాదు. కావున ఇంటర్మీడియట్‌లో చేర్పించు నాడే ఈ సంగతి తల్లిదండ్రులకు చెప్పుట పెద్దల ధర్మము. చేర్చిన తరువాత చెప్పిన ప్రయోజనము లేదు.

సిద్ధముగా నుంచుకొనవలసిన పత్రములు

గడువు పదిదినములే యున్నప్పుడు ధ్రువపత్రము కొరకు పదునైదు దినములు తిరుగువారిని ఎవ్వరును రక్షింపజాలరు. కావున ఈ క్రింది పత్రములను నీట్ వ్రాయకముందే సమకూర్చుకొనవలెను.

పదవ తరగతి మార్కుల పత్రము. పుట్టినతేదీకిని పేరునకును ఇదియే ప్రమాణము. ఆధారు కార్డులోని పేరు దీనితో అక్షరము తప్పక సరిపోవలెను. ఇంటిపేరు ఒకదానిలో ముందు, మరియొకదానిలో వెనుక ఉండుట, తండ్రిపేరులో అక్షరము మారుట మున్నగు లోపములను ముందుగనే సరిచేయించుకొనవలెను.

6వ తరగతినుండి ఇంటర్మీడియట్ వరకు చదివిన ప్రతి పాఠశాలనుండి స్టడీ సర్టిఫికెట్లు. మూతపడిన ప్రైవేటు పాఠశాలలలో చదివినవారు మండల విద్యాశాఖాధికారి కార్యాలయమున ముందుగా విచారింపవలెను.

ఇంటర్మీడియట్ మార్కుల పత్రము, బదిలీ పత్రము, నీట్ ర్యాంకు పత్రము.

కుల ధ్రువపత్రము. దీనిని మీ సేవా కేంద్రము వంటి సేవాకేంద్రము ద్వారా దరఖాస్తు చేసి తహసీల్దారు కార్యాలయమునుండి పొందవలెను. 2025లో రెండు రాష్ట్రములయందును షెడ్యూల్డు కులముల వర్గీకరణ అమలులోనికి వచ్చినందున, ఆ కులములవారు తమ ఉపకులము పత్రములో స్పష్టముగా నున్నదేమో చూచుకొనవలెను. వెనుకబడిన తరగతులవారు తమ విభాగము ఏ, బీ, సీ, డీ, ఈలలో ఏదియో సరిచూచుకొనవలెను.

ఆదాయ ధ్రువపత్రము. రిజర్వేషను వర్తింపని పేదకుటుంబములవారు ఆర్థికముగా వెనుకబడిన వర్గ ధ్రువపత్రమును పొందవలెను.

ఇచ్చట మరియొక సూక్ష్మము కలదు. వెనుకబడిన తరగతులకు రాష్ట్రమిచ్చు కుల ధ్రువపత్రము అఖిలభారత కోటాకు చాలదు. కేంద్రప్రభుత్వ నమూనాలో, సంపన్నశ్రేణికి చెందరని తెలుపుచు, ఆ సంవత్సరమునకు చెల్లునట్లు వేరుపత్రమును తీసికొనవలెను. అంతేకాక రాష్ట్ర జాబితాలోని కొన్ని కులములు కేంద్రజాబితాలో లేకపోవచ్చును. ఈ సంగతిని నీట్ దరఖాస్తులో వర్గమును వ్రాయుటకు ముందే తెలిసికొనవలెను.

దివ్యాంగులు, మాజీసైనికుల పిల్లలు, ఎన్.సి.సి. వారు తమ ప్రత్యేక కోటా కొరకు మొదటి దరఖాస్తులోనే కోరవలెను. దివ్యాంగులు అందుకై నియమింపబడిన వైద్యకేంద్రములలో పరీక్ష చేయించుకొనవలెను.

కళాశాలల వరుసక్రమము

తుదిజాబితా వచ్చిన తరువాత విద్యార్థి తాను చేరదలచిన కళాశాలల పేర్లను ఇష్టము చొప్పున వరుసగా కంప్యూటరులో నింపవలెను. దీనినే వెబ్ ఆప్షన్లు అందురు. ఇచ్చట జరుగు పొరపాట్లు తక్కువ కాదు.

సీట్ల కేటాయింపు ఇట్లు జరుగును. ర్యాంకు చొప్పున విద్యార్థి వంతు వచ్చినప్పుడు, ఆమె వ్రాసిన మొదటి కళాశాలలో సీటు ఖాళీగా నున్నదా యని చూతురు. లేనిచో రెండవది, అదియు లేనిచో మూడవది. ఎచ్చట మొదట ఖాళీ దొరకునో అచ్చట సీటు ఇత్తురు. దాని క్రింద వ్రాసిన పేర్లను ఇంక చూడరు.

ఒక బాలిక “పెద్ద కళాశాల నాకెక్కడ వచ్చును” అను సంకోచముతో, తనకు తప్పక దొరకునని తోచిన కళాశాలను మొదట వ్రాసి, నిజముగా కోరిన కళాశాలను రెండవదిగా వ్రాసెననుకొందము. ఆమె ర్యాంకునకు ఆ రెండు చోట్లను సీటున్నను, మొదట వ్రాసిన చోటనే ఆమెకు లభించును. కోరిన చోటును పైన వ్రాసి అచ్చట దొరకకపోయినను ఆమెకు కలుగు నష్టము లేదు. క్రిందిది ఎట్లును దొరకును. కావున భయమునుబట్టి గాక ఇష్టమునుబట్టి వ్రాయవలెను. చేరుటకు ఇష్టములేని కళాశాలను మాత్రము అసలు వ్రాయరాదు.

కేటాయింపు అనేక విడతలుగా జరుగును. తరువాతి విడతలో క్రొత్తసీటు వచ్చినచో పాతసీటు వేరొకరికి పోవును. సీటు వచ్చియు చేరనివారికిని, చేరి విడిచినవారికిని వర్తించు నిబంధనలను ఆ సంవత్సరపు ప్రకటనలో చదివిన పిమ్మటనే అడుగువేయవలెను. చేరునప్పుడు మూలపత్రములను కళాశాలవారు తీసికొందురు గనుక, ముందుగనే కొన్ని ప్రతులు తీసి దాచుకొనుట మంచిది.

దళారుల మాట

మే నెలనుండి గ్రామములలో క్రొత్తముఖములు కనిపించును. “ర్యాంకు లేకున్నను కన్వీనరు సీటు ఇప్పింతుము” అని వారందురు. కన్వీనరు సీటును ఇప్పించు శక్తి ఏ వ్యక్తికిని లేదు. అది ర్యాంకు, వర్గము, స్థానికత, వరుసక్రమము అను నాలుగింటిచేతనే నిర్ణయమగును. ప్రైవేటు కళాశాలలలోని యాజమాన్యపు కోటాకు, ప్రవాస భారతీయుల కోటాకు సయితము నీట్ అర్హత తప్పనిసరి. వాని రుసుము ఏటేట లక్షలలో నుండును. చదువు నాలుగున్నర యేండ్లు. పిమ్మట ఒక యేడు ఆసుపత్రిలో తప్పనిసరి శిక్షణ. మొదటి సంవత్సరపు రుసుము కొరకు పొలము అమ్మినవారు తక్కిన సంవత్సరముల సంగతియు ఆనాడే లెక్కవేసికొనవలెను.

విదేశములలో చదువు విషయమునను ఇట్టి జాగ్రత్తయే వలయును. 2018 నుండి విదేశమునకు పోవువారికిని నీట్ అర్హత అవసరమైనది. 2021 నవంబరులో జాతీయ వైద్యకమిషను చేసిన నియమముల ప్రకారము అచ్చటి చదువు 54 నెలలకు తక్కువ కారాదు. ఇంగ్లీషు మాధ్యమముననే సాగవలెను. అదే సంస్థలో 12 నెలల శిక్షణ పొందవలెను. తిరిగివచ్చిన తరువాత ఇచ్చటి పరీక్షలో ఉత్తీర్ణులైనగాని వైద్యము చేయుటకు అనుమతి లేదు. ఈ షరతులలో ఏది లోపించినను పట్టా యుండియు వైద్యుడు కాలేని స్థితి యేర్పడును. డబ్బు కట్టకముందే ఈ ప్రశ్నలను వ్రాతమూలముగా అడుగవలసినదని గ్రామస్థులకు చెప్పవలెను.

పంచాయతీ చేయదగిన పని

చదువు చెప్పుట పంచాయతీ పని కాదు. కాని చదివిన పిల్ల కాగితము లేక వెనుకబడకుండ చూచుట పంచాయతీకి సాధ్యము. దీనికి ప్రత్యేకమైన నిధులు అక్కరలేదు.

మొదట, ఊరిలో ఇంటర్మీడియట్ జీవశాస్త్రము చదువుచున్న పిల్లల జాబితాను ప్రతియేటను వ్రాయించుడు. రెండవది, రెండవ సంవత్సరము పిల్లల తల్లిదండ్రులను డిసెంబరు, జనవరి మాసములలో ఒకనాడు పంచాయతీ కార్యాలయమునకు పిలిచి, వారి పత్రములను పేరుపేరున సరిచూడుడు. గ్రామ ప్రధానోపాధ్యాయుడు, పంచాయతీ కార్యదర్శి, వైద్యవిద్య చదువుచున్న విద్యార్థి యెవ్వరైన నున్నచో ఆమె లేక అతడు దీనికి తోడ్పడగలరు.

మూడవది, దరఖాస్తు నింపించు నెట్ కేంద్రమువారి ఫోను నెంబరు గాక, కుటుంబమువారి సొంత నెంబరునే దరఖాస్తులో వ్రాయింపుడు. విశ్వవిద్యాలయము పంపు వర్తమానములును, రహస్యసంకేతములును ఆ నెంబరునకే వచ్చును. అది పరుల చేతిలో నున్నచో ఆప్షన్లను మార్చివేయుటకు కూడ అవకాశము కలుగును.

నాలుగవది, పరీక్షదినమున ప్రయాణసౌకర్యమును చూడుడు. 2025లో పరీక్ష మధ్యాహ్నము 2 గంటలకు ప్రారంభముకాగా, 1 గంట 30 నిమిషములకే ద్వారములు మూసివేసిరి. దూరగ్రామముల పిల్లలు ఒక్క బస్సు తప్పినచో రెండేండ్ల శ్రమ వ్యర్థమగును.

అయిదవది, జనన నమోదు. 2023 అక్టోబరు 1వ తేదీన గాని ఆ తరువాత గాని పుట్టిన పిల్లలకు విద్యాసంస్థలలో చేరుటకు పుట్టినతేదీకి ప్రమాణము జనన ధ్రువపత్రమే. నేడు ఊరిలో పుట్టిన శిశువు పేరును తప్పులేకుండ వ్రాయించుట, పదునేడేండ్ల తరువాత ఆ బిడ్డ నింపబోవు దరఖాస్తునకు మొదటి పంక్తి వ్రాయుటయే.

నియమములు ఏటేట కొంత మారుచుండును. ఈ వ్యాసము దారి చూపుటకే గాని, ఆ సంవత్సరపు ప్రకటనకు బదులు కాదు. విశ్వవిద్యాలయ ప్రకటన వెలువడిన వెంటనే దాని ప్రతిని తీయించి పంచాయతీ కార్యాలయపు గోడపై అంటించి, గడువు తేదీలను పెద్ద అక్షరములతో వ్రాయింపుడు.

ర్యాంకును సంపాదించుట విద్యార్థి పని. దానికి మరియొకరు సాయపడజాలరు. కాని ర్యాంకు వచ్చిన తరువాత పత్రము లేకనో, తేదీ తెలియకనో, దళారి మాట నమ్మియో సీటు పోవుట ఊరంతటికి నష్టము. రాత్రివేళ కాన్పునొప్పులు వచ్చిన తల్లిని ఎన్ని మైళ్లు తీసికొనిపోవలసియున్నదో పంచాయతీ సభ్యులకు తెలియనిది కాదు. ఆ దూరమును తగ్గింపగల వైద్యురాలు మీ ఊరి ఇంటర్మీడియట్ తరగతిలోనే కూర్చుండి యుండవచ్చును. ఆమె కాగితములను ఈ యేడే ఒకమారు చూడుడు.